రింగు, గడ, గుడారం: రిక్కార్టన్ నుంచి వీరఘట్టం దాకా

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో, క్రైస్ట్‌చర్చ్ నగరానికి పడమటి వైపున ఉన్న రిక్కార్టన్‌కు ఆ పేరు పెట్టినవారు విలియం, జాన్ డీన్స్ అనే స్కాట్లండ్ సోదరులు. 1843లో ఇక్కడ స్థిరపడిన ఆ ఇద్దరూ ఎయిర్‌షైర్‌లోని తమ స్వస్థలం పేరును ఈ నేలకు తెచ్చుకున్నారు. మావోరీలు పుతరింగమోటు అని పిలుచుకునే అడవిలో కొద్ది భాగం మాత్రం నరకకుండా మిగిల్చారు. షాపింగ్ మాల్‌ను పక్కన పెడితే రిక్కార్టన్ అనగానే ఇక్కడివారికి ఈనాటికీ తట్టేవి రెండే: ఆ అడవి, గుర్రప్పందేల మైదానం. 1850 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి వలస ఓడలు వచ్చాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే ఇక్కడ పందేలు మొదలయ్యాయి. గుర్రాన్ని ఇంతగా ప్రేమించిన సమాజం గుర్రంతోనే పుట్టిన మరొక వినోదాన్ని కూడా ఆదరించడంలో ఆశ్చర్యం లేదు. ఆ వినోదం సర్కస్.

ఈ వ్యాసం సర్కస్ చరిత్రనంతా చెప్పదు. పిల్లాపాపలతో, ముసలివాళ్ళతో కలిసి సర్కస్‌కు వెళ్ళడమనే అలవాటు మనకు ఎంతో సహజంగా కనిపిస్తుంది. రిక్కార్టన్‌లోనూ అంతే, రాజమండ్రిలోనూ అంతే. ఆ అలవాటు ఎలా ఏర్పడింది? అది ఏర్పడుతున్నప్పుడు ఎవరు గుడారంలోకి వచ్చారు, ఎవరు బయట మిగిలిపోయారు? ఈ రెండు ప్రశ్నలే ఇక్కడ విషయం.

పదమూడు మీటర్ల వలయం

ఆధునిక సర్కస్‌కు మూలపురుషుడిగా అందరూ ఒప్పుకునేది ఫిలిప్ ఆస్ట్లీని. సైన్యంలో అశ్వికుడిగా పనిచేసి వచ్చిన ఆస్ట్లీ 1768లో లండన్‌లో గుర్రపు విన్యాసాలు చూపడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని తిన్నగా కాక వలయంగా పరుగెత్తిస్తే దాని మీద నిలబడటం తేలికని అనుభవంతో తెలుసుకున్నాడు. గుర్రం వలయం లోపలికి వాలుతుంది, దాని మీద నిలబడ్డవాడూ లోపలికే వాలుతాడు. ఆ వాలు, ఆ వేగం సరిగా కుదిరినప్పుడు శరీరం తన తూకాన్ని గుర్రం వీపు మీదే వెతుక్కుంటుంది. మన లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు నిమిషాల తరబడి సాగే ఈ ఏకరీతి భ్రమణానికి అలవాటుపడిపోతాయి. అందుకే రింగులో తిరిగేవాడికి తల తిరుగుడు అంతగా ఉండదు.

చివరికి ఆ వలయం వ్యాసం 42 అడుగుల దగ్గర, అంటే సుమారు 13 మీటర్ల దగ్గర స్థిరపడింది. ప్రపంచంలో ఎక్కడ సర్కస్ వేసినా నేటికీ దాదాపు అదే కొలత. ఒక ఊరిలో సాధన చేసిన గుర్రం మరో ఖండంలోనూ అదే వలయంలో అదే అడుగులు వేయగలగడానికి కారణం ఈ కొలతే. గుర్రాల మధ్య విరామం పూరించడానికి ఆస్ట్లీ మొగ్గలు వేసేవాళ్ళను, తాడు మీద నడిచేవాళ్ళను, బఫూన్లను చేర్చుకున్నాడు. వీళ్ళంతా అంతకుముందు సంతల్లో, తిరనాళ్ళలో, వీధుల్లో ఆడి పొట్టపోసుకున్నవాళ్ళే. సర్కస్ కనిపెట్టింది కొత్త విద్యను కాదు. వీధిలో ఉన్న విద్య చుట్టూ ఒక గోడ కట్టి, ఆ గోడకు ఒక ద్వారం పెట్టి, ద్వారం దగ్గర టికెట్టు అమ్మింది. ఈ సంగతి మున్ముందు మనకు అవసరమవుతుంది.

1825 ప్రాంతంలో అమెరికాలో ఆ గోడ గుడ్డ గుడారంగా మారింది. దాంతో సర్కస్‌కు కాళ్ళు వచ్చాయి.

ఓడలు, రైళ్ళు

న్యూజీలాండ్‌లో సర్కస్ ప్రదర్శనలు 1855లోనే మొదలయ్యాయి. ఆక్లండ్‌లో ఫోలీ అనే నిర్వాహకుడి కంపెనీ వేసినవి తొలినాటి ప్రదర్శనలు. అయితే ఊరూరా తిరగడానికి సర్కస్‌కు కావలసింది దారి. క్రైస్ట్‌చర్చ్‌కూ లిట్టెల్టన్ రేవుకూ మధ్య కొండ అడ్డం. ఆ కొండను తొలిచిన రైలు సొరంగం 1867లో తెరుచుకుంది. 1878లో క్రైస్ట్‌చర్చ్ నుంచి డునీడిన్ దాకా రైలు మార్గం పూర్తయింది. ఓడ దిగిన గుర్రాలను, బోనులను, గుడారపు స్తంభాలను నేరుగా బండ్లలోకి ఎక్కించి దక్షిణ ద్వీపం తూర్పు తీరం పొడవునా తిప్పడం ఇక సాధ్యమైంది. 1880లో క్రైస్ట్‌చర్చ్ వీధుల్లో ఆవిరి ట్రాములు కూడా నడిచాయి. శివార్లలోని సంసారులు సాయంకాలం ఆట చూసి అదే రాత్రి ఇంటికి చేరగలిగే వీలు దొరికింది. కుటుంబంతో వినోదానికి వెళ్ళడమంటే ముందు కుటుంబంతో తిరిగి రాగలగడం.

ఆ 1870ల్లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో తిరిగిన పెద్ద కంపెనీలలో ఇటలీకి చెందిన గియుసెప్పె కియారినిది ఒకటి. భారతీయ సర్కస్ పుట్టుకకు కూడా ఆ పేరే ముడిపడి ఉంది. కియారిని బొంబాయి వచ్చినప్పుడు భారతీయులకు ఈ విద్య అబ్బదని ఎగతాళి చేశాడనీ, కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రాలకు శిక్షణ ఇచ్చే విష్ణుపంత్ ఛత్రే ఆ మాటను సవాలుగా తీసుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. సంభాషణ జరిగినా జరగకపోయినా ఫలితం చరిత్రలో ఉంది: 1880లో ఛత్రే గ్రేట్ ఇండియన్ సర్కస్ ఆటలు మొదలుపెట్టింది. ఆ కంపెనీ మలబారు తీరంలోని తలశ్శేరికి వెళ్ళినప్పుడు కీలేరి కుంజికణ్ణన్ అనే కళరి, వ్యాయామ గురువుతో పరిచయమైంది. ఆయన శిష్యులకు సర్కస్ విద్య నేర్పడం మొదలుపెట్టి, 1901లో ప్రత్యేకంగా పాఠశాల నెలకొల్పాడు. తరువాతి శతాబ్దంలో మనం చూసిన సర్కస్‌లలో మలయాళీ కళాకారులు అంతమంది కనిపించడానికి మూలం అక్కడుంది.

తెలుగు తీరం మాటేమిటి? బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుంది. మద్రాసు నుంచి కలకత్తాకు బోనులతో, గుర్రాలతో ఎక్కడా దిగకుండా వెళ్ళగల దారి అప్పటికి గాని కుదరలేదు. ఆ దారి మీదే రాజమండ్రి, తుని, విశాఖ, విజయనగరం ఉన్నాయి. తెలుగువాడు సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిప్పడం ఈ వంతెనల తరువాతే జరగడం, అదీ ఈ దారి మీది ఊళ్ళ నుంచే జరగడం యాదృచ్ఛికమని నేననుకోను.

గడ మీది మనిషి

రైలు రాకముందు మన నేల మీద ఇటువంటి వినోదం లేదని చెప్పడం పొరపాటు. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహర్నవమి ఉత్సవాల గురించి రాస్తూ ఏనుగుల విన్యాసాలను ప్రత్యేకంగా వర్ణించాడు. ఎత్తైన స్తంభం మీద త్రాసు కాడలా ఒక దూలాన్ని అమర్చి, ఒక కొనకు ఏనుగంత బరువైన రాయిని కట్టి, రెండో కొన మీది పలక పైకి ఏనుగును ఎక్కించారు. దూలం పైకీ కిందికీ ఊగుతూ ఉంటే, గాయకుల పాటకు తగ్గట్టు ఆ ఏనుగు తొండం ఆడించింది. ఆస్ట్లీ పుట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు సంగతి ఇది.

అది రాజు ఖర్చుతో జరిగిన ప్రదర్శన. ఊళ్ళలో జరిగినది దొమ్మరాట. వీధి మధ్య వెదురు గడ పాతి, నాలుగు వైపులా మోకులు బిగించి, డోలు వాయిస్తూ ఉంటే, ఒక స్త్రీ గడ ఎక్కి దాని కొన మీద పొట్టను ఆనించి గిరగిర తిరిగేది. తాడు మీద నడక, మొగ్గలు, మనిషి మీద మనిషి నిలబడటం అన్నీ ఆ ఆటలో ఉండేవి. దొమ్మరి పన్ను విజయనగర కాలపు శాసనాలలో కనిపిస్తుంది. పన్ను వేశారంటే దాన్ని రాజ్యం ఒక వృత్తిగా గుర్తించిందని అర్థం. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి రాస్తూ దొమ్మరుల విన్యాసాలను వివరించింది.

వైద్యుడిగా చూస్తే గడ మీద తిరిగే ఆ శరీరానికీ, ట్రపీజు మీద తిరిగే శరీరానికీ తేడా ఏమీ లేదు. అదే నడుము కండరాల బిగువు, అదే చూపు నిలకడ, చిన్నతనం నుంచీ సాగదీసిన అవే కీళ్ళు, జారితే విరిగే అదే వెన్నుపూస. తేడా అంతా శరీరం బయట ఉంది. ట్రపీజు మీది అమ్మాయికి బాండు మేళం, మెరిసే బట్టలు, గోడల మీద బొమ్మలు, కింద వల. గడ మీది ఆడమనిషికి శేరు గింజలు, పాత చీర, ఊరి చివర మకాం, దానికి తోడు చెవిన పడే చులకన మాట. ‘దొమ్మరి’ అనే కులం పేరును ఈనాటికీ తెలుగులో తిట్టుగా వాడేవాళ్ళున్నారు. ‘సర్కస్ ఫీటు’ అనే మాటలో మాత్రం కొంత వెక్కిరింపు ఉన్నా మెచ్చుకోలూ ఉంది.

సరిగ్గా సర్కస్ కంపెనీలు ఎదుగుతున్న కాలంలోనే వలస ప్రభుత్వం సంచార జీవనాన్ని నేరంగా చూడటం మొదలుపెట్టింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవంటి సమాజాలను నేరస్థులుగా ముద్రవేసి స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. ఊరూరా తిరగడమే అనుమానాస్పదమైన ఆ కాలంలో గుడారాలు, బోనులు, గుర్రాలు పెట్టుకుని తిరిగే కంపెనీకి మాత్రం స్టేషన్‌లో స్వాగతం దొరికింది. రెండూ తిరుగుడు బతుకులే. ఒకదానికి పెట్టుబడి ఉంది, రెండోదానికి లేదు. 1952లో ఆ చట్టం రద్దయినా ముద్ర మాసిపోలేదు.

సంసారులు కూర్చునే చోటు

గుడారం చేసిన అసలు పని ప్రేక్షకుణ్ణి మార్చడం. వీధి ఆటకు పోగయ్యేది గుంపు. పోయేవాళ్ళు పోతుంటారు, వచ్చేవాళ్ళు వస్తుంటారు. గౌరవమైన కుటుంబమని తమను తాము అనుకునేవాళ్ళు అరుగు మీది నుంచో, మేడ మీది నుంచో చూస్తారు గాని గుంపులో నిలబడరు. గుడారంలో ప్రతి ఒక్కరికీ ఒక చోటు ఉంది, దానికో ధర ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సర్కస్ ప్రకటనల్లో తరచుగా కనిపించే మాటలు కొన్ని ఉన్నాయి: తరగతుల వారీ ధరలు, పిల్లలకు సగం టికెట్టు, పగటి ఆట, మర్యాదస్తులు చూడదగిన ప్రదర్శన అన్న హామీ. 1880లో ఆస్ట్రేలియాలో మొదలై 1963 దాకా నడిచిన విర్త్ సోదరుల సర్కస్ న్యూజీలాండ్‌లో తరాల పాటు ఇంటింటి పేరయింది. తాత చూసిన కంపెనీని మనవడు చూడటం ఒక ఆనవాయితీగా మారింది. ఆ కుటుంబపు పెంపుడు కూతురు మే విర్త్ గుర్రం మీద పల్టీలు కొట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. గుడారం బయట ఆడపిల్ల గుర్రం మీద అడ్డంగా కూర్చోవడమే మర్యాద అనుకునే కాలమది.

తెలుగునాట కూడా ఇదే జరిగింది. నేల, బెంచీ, కుర్చీ అనే మూడు తరగతులు టూరింగ్ టాకీసులో ఎంత సహజమో సర్కస్‌లో అంత సహజం. డెబ్బయ్యో దశకం చివర మా ఊరికి దగ్గరి పట్నానికి సర్కస్ వచ్చినప్పుడు మా నాయనమ్మ బండి కట్టించి మనవలందరినీ తీసుకువెళ్ళింది. ఏడాదికోసారి మా వీధికి వచ్చే దొమ్మరివాళ్ళకు ఆవిడే చాటతో గింజలు పోసేది. రెండు ఆటలనూ నోరు తెరుచుకునే చూసేది. కాని ఒకదానికి ‘వెళ్ళడం’, మరొకదానికి ‘వెయ్యడం’ అనే క్రియలు వాడేది. ఆ రెండు క్రియల మధ్య దూరమే నేను చెబుతున్న చరిత్ర.

ఛాతీ మీద ఏనుగు

ఈ దూరాన్ని మరో దిశ నుంచి దాటినవాడు కోడి రామమూర్తి నాయుడు. 1880ల తొలి సంవత్సరాల్లో నేటి ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టాడు. విజయనగరంలో బంధువుల ఇంట పెరిగి, అక్కడి సాము గరిడీల వాతావరణంలో శరీరాన్ని తీర్చిదిద్దుకున్నాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. తరువాత సర్కస్ కంపెనీ స్థాపించి దేశమంతా తిరిగాడు. ఉత్తరాదివారు ఆయన్ను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలిచారు. ఉక్కు గొలుసులు తెంచడం, భుజాలకు కట్టిన మోటారు కార్లను కదలకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రసిద్ధ ప్రదర్శనలు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులిస్ అనే బిరుదులు పొందాడు. 1942లో కన్నుమూశాడు.

ఆయన కాలాన్ని అర్థం చేసుకోవాలంటే యూజెన్ శాండోను గుర్తు చేసుకోవాలి. కండల ప్రదర్శనను ప్రపంచ వ్యాపారంగా మార్చిన శాండో 1902-03లో న్యూజీలాండ్‌లోనూ, 1904-05లో భారతదేశంలోనూ పర్యటించాడు. ఇక్కడ శాండో అనుయాయి రాయిడ్ గార్లిక్ ఆ తరువాతి దశాబ్దంలో ప్రభుత్వ పాఠశాలల వ్యాయామ విద్యకు అధిపతి అయ్యాడు. అక్కడ, స్వదేశీ ఉద్యమపు రోజుల్లో, రామమూర్తి ఏనుగు మరో అర్థాన్ని సంతరించుకుంది. తెల్లవాడితో పోలిస్తే భారతీయుడు బలహీనుడని పాలకులు పదేపదే చెబుతున్న కాలమది. పంచె కట్టే కుటుంబాలు టికెట్టు కొనుక్కుని వచ్చి చూసింది కేవలం ఏనుగును కాదు. తమ బిడ్డల శరీరాల గురించి తమకు చెప్పిన మాటకు ఒక జవాబును చూశారు.

వైద్యుడిగా ఆ ప్రదర్శనను పరిశీలించడం తప్పు కాదనుకుంటాను. ఏనుగు నేరుగా ఛాతీ మీద కాలు మోపదు. ఒక బలమైన పలక మధ్యలో ఉంటుంది. పలక ఒక కొన నేల మీదో మరో ఆధారం మీదో ఆనితే బరువులో కొంత అక్కడికి పోతుంది. మిగిలిన బరువు ఛాతీ, పొట్ట, తుంటి మీద పరుచుకుంటుంది. నిండా గాలి పీల్చి కంఠద్వారం బిగించినప్పుడు ఛాతీ గాలి నింపిన ట్యూబులా గట్టిపడుతుంది. పక్కటెముకలు విల్లులా కొంత వంగి నిలబడతాయి. అసలు ప్రమాదం ఎముకలు విరగడం ఒక్కటే కాదు. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగివచ్చే నెత్తురు తగ్గిపోతుంది, కొద్ది సెకన్లలోనే రక్తపోటు పడిపోతుంది, మెదడుకు నెత్తురు చాలక స్పృహ తప్పవచ్చు. ఊపిరి ఆడనంతగా ఛాతీ అణిగిపోతే ముఖం, కళ్ళు నెత్తురు చిమ్మి ప్రాణం పోతుంది. జనసమ్మర్దంలో తొక్కిసలాటలు జరిగినప్పుడు మా వృత్తిలో చూసేది దీన్నే. కాబట్టి ఏనుగు అయిదు నిమిషాలు నిలబడిందనే కథనాన్ని నేను యథాతథంగా ఒప్పుకోలేను. పూర్తి బరువు కొద్ది క్షణాలూ, పాక్షికమైన బరువు ఎక్కువసేపూ ఉండి ఉండాలి. కాలు తీసివేసే శస్త్రచికిత్సకు ఆయన క్లోరోఫారం వద్దన్నాడనే కథ కూడా ఇటువంటిదే. మత్తు లేకుండా నొప్పిని భరించినవాళ్ళు వైద్య చరిత్రలో ఉన్నారు, కనుక అది అసాధ్యం కాదు. అయితే ఆ కథను మనం చెప్పుకునేది శస్త్రచికిత్స గురించి కాదు, ప్రాణాయామం మీద మన నమ్మకం గురించి.

కొలతలు తగ్గించడం వల్ల మనిషి తగ్గడు. పలక ఉన్నా, లెక్క ఉన్నా, ఆ లెక్క కింద పడుకునే ధైర్యం ఒక్కడిదే. ఏనుగు ఒక్క అడుగు పక్కకు వేస్తే లెక్క తప్పుతుంది. కొలత లేని పొగడ్త రామమూర్తిని పురాణపురుషుణ్ణి చేసి చరిత్ర నుంచి తప్పించింది. విశాఖ సముద్రతీరంలో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేర క్రీడా మైదానం ఉంది. ఆయన గుడారంలో స్తంభాలు పాతినవాళ్ళెవరో, ఏనుగును నడిపిన మావటీ ఎవరో, గడ విద్య తెలిసిన దొమ్మరులెవరైనా అందులో ఆడారో లేదో చెప్పే రాతలు మాత్రం మన చేతిలో లేవు.

పలక మీద ఇప్పుడు ఎవరు

కుటుంబంతో చూడదగినది ఏది అన్న ప్రశ్నకు ప్రతి తరమూ కొత్త జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులు, చిరుతలను ఆడించడాన్ని నిషేధిస్తూ భారత ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో అదే న్యాయస్థానం సర్కస్‌లలో పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధించాలని ఆదేశించింది. ఎదిగే ఎముకల చివరల్లో ఉండే మృదులాస్థి పలకలు పదేపదే దెబ్బతింటే ఏమవుతుందో తెలిసినవారెవరూ ఆ తీర్పును కాదనలేరు. మేము చప్పట్లు కొట్టిన ‘రబ్బరు బొమ్మ’ల వయసెంతో ఆనాడు మా పెద్దలెవరూ అడగలేదు.

న్యూజీలాండ్‌లో ఆ ప్రశ్న ఒక ఏనుగు రూపంలో వచ్చింది. జంబో అనే ఆఫ్రికా ఏనుగు దశాబ్దాల పాటు సర్కస్‌తో తిరిగి, 2009లో ఫ్రాంక్లిన్ జంతుశాలకు చేరింది. ఈ దేశంలో చివరి సర్కస్ ఏనుగు అదే. అక్కడ దానికి మీలా అని పేరు పెట్టారు. తోటి ఏనుగుల మధ్యకు దాన్ని పంపాలని ప్రయత్నిస్తున్న జంతువైద్యురాలు హెలెన్ స్కోఫీల్డ్ 2012 ఏప్రిల్‌లో ఆ ఏనుగు చేతిలోనే ప్రాణాలు కోల్పోయింది. అయినా ఆమె తలపెట్టిన పని ఆగలేదు. 2013లో మీలాను శాన్ డియాగోకు తరలించారు. ఏళ్ళ తరబడి మరో ఏనుగు ముఖం చూడని జీవి ఎట్టకేలకు తన జాతిలో కలిసింది.

ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌కు వచ్చే గుడారాల్లో ఏనుగులు లేవు, పులులు లేవు. మిగిలింది మనిషి శరీరం. అంటే దొమ్మరి గడ మీద ఉన్నదే మిగిలింది. రిక్కార్టన్‌లో పెరిగే తెలుగు పిల్లలు పట్టువస్త్రపు చీలికలకు వేలాడుతూ గాలిలో తిరిగే కళాకారిణిని చూసి ఆశ్చర్యపోతారు. అందుకు వారి తల్లిదండ్రులు మంచి సీట్లకు మంచి ధరే చెల్లిస్తారు. ఆ విద్యకు ఇప్పుడు పాఠశాలలున్నాయి, బీమా ఉంది, గాయమైతే ఫిజియోథెరపిస్టు ఉన్నాడు. ఇవన్నీ ఉండవలసినవే. అదే విద్యను తరతరాలుగా కాపాడిన మనవారి గడలు మాత్రం ఏ పాఠశాలకూ చేరకుండానే మూలపడ్డాయి.

కియారిని ఎగతాళి నిజమో కాదో గాని, ఆ మాట తప్పని నిరూపించడానికి ఛత్రే కొత్త మనుషులను పుట్టించవలసిన అవసరం లేకపోయింది. కళరిలో, తాలింఖానాలో, వీధి గడ మీద ఆ మనుషులు అప్పటికే ఉన్నారు. లేనిది వారి చుట్టూ ఒక గోడ, వారికొక మర్యాద. గోడను మనం త్వరగానే అరువు తెచ్చుకున్నాం. మర్యాదను మాత్రం కొందరికే పంచాం. పిల్లలకు సర్కస్ చూపించే తెలుగు తల్లిదండ్రులు ఆస్ట్లీ పేరుతోపాటు వీరఘట్టం పేరూ, వీరఘట్టం పేరుతోపాటు పేరు లేని ఆ గడ మీది మనిషి సంగతీ చెప్పగలిగితే, టికెట్టు ధరలో ఎన్నాళ్ళుగానో బాకీ ఉన్న భాగం కొంతైనా తీరుతుంది.